ప్రభుదాస్ సార్ బండి ఎవరింటికి మళ్లుతుంది

రెండు జొన్న రొట్టెలు తిని ఒక ఇంటి మర్యాద కాపాడిన దాన్ని నేను. నవ్వకండి, నిజమే. ఆ రొట్టెలు ఎవరు చేశారో, తినాల్సిన మనిషి ఎందుకు తినలేదో తెలియాలంటే నారాయణఖేడ్ ప్రయాణం మొదటి నుంచీ చెప్పాలి.

మా పిన్ని కూతురు సుజాత అక్కడి ఆడపిల్లల హాస్టలు బడిలో సైన్సు టీచరు. ఏళ్ల తరబడి రమ్మంటోంది. "మా కబడ్డీ సార్‌ని ఒకసారి చూడు అక్కా, నీ కోపం తగ్గుతుంది" అని ఈసారి మరీ పట్టుబట్టింది. నా కోపం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కాలేజీలో వాలీబాల్ ఆడేదాన్ని. పెద్ద పోటీలకు వెళ్లే రోజు సంచీ సర్దుకుని గేటు దగ్గరికి వెళితే, వ్యాను ఎప్పుడో వెళ్లిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. నన్ను తీసేశారని అప్పటిదాకా ఎవరూ నాతో అనలేదు. ఆ రోజు తర్వాత నేను బంతి ముట్టుకోలేదు. కోచ్ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

దీపావళి వెళ్లిన వారానికి తెనాలిలో రైలెక్కాను.

జోగిపేట మీదుగా

హైదరాబాదులో దిగాక, తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదని విని దర్జాగా ఎక్కి ఆధార్ కార్డు చూపించాను. కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, మీది ఆంధ్రా. పైసలియ్యాలె" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి పర్సు తీశాను. వెనక సీటులోని ముసలమ్మ జరిగి నాకు చోటిచ్చింది. "పోనియ్యి బిడ్డా, కూసో. పైసలిచ్చినోళ్లకు కిటికీ దిక్కు ఇస్తం" అని మళ్లీ అందరినీ నవ్వించింది.

జోగిపేట బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా వైపు బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు పెట్టారు. కారానికి కళ్లలో నీళ్లు వచ్చినా ఇంకో ప్లేటు చెప్పాను. అక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా విచ్చిన పత్తి, పసుపు పూలతో కంది చేలు. కాలువల ఒడ్డున పుట్టి పెరిగిన నాకు, ఇంత పంట వాననే నమ్ముకుని నిలబడిందంటే ఆశ్చర్యం వేసింది.

"వాన సరిగ్గా పడకపోతే ఏం చేస్తారు?" అని ముసలమ్మను అడిగాను. ఆమెది నారాయణఖేడ్ అవతల కంగ్టి అనే ఊరు.

"ఏం జేస్తం బిడ్డా. చెరుకు కొట్టనీకి పోతం. దీపావళి అయినంక లారీలొస్తయి. పిల్లలు, కోళ్లు, గిన్నెలు, అన్నీ ఎక్కుతయి" అంది. చెబుతూనే తన సంచీలోంచి వేయించిన పల్లీలు తీసి నా చేతిలో పోసింది.

విజిల్ ఊదని మనిషి

సుజాత పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటోంది. భాష సగం ఆ ఊరిది, సగం మాది. "ఏంది అక్కా గింత లేటు, జల్దీ నడువు, ప్రాక్టీసు అయిపోతుంది" అంటూ నా సంచీ లాక్కుని గ్రౌండుకే తీసుకెళ్లింది. దీపావళికి ఇళ్లకు వెళ్లిన పిల్లలు ఇంకా తిరిగి రాలేదు. ఊళ్లు దగ్గరే కాబట్టి కబడ్డీ పిల్లలు మాత్రం ఆటోల్లో వచ్చి ఆడి పోతున్నారు. సోమవారం పొద్దున సంగారెడ్డిలో జిల్లా పోటీలకు బయలుదేరాలి.

గ్రౌండు అంటే ఎర్రమట్టి నేల, సున్నంతో గీసిన గీతలు. ప్రభుదాస్ సార్‌కి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, కాళ్లకు చెప్పులు లేవు. మెడలో విజిల్ ఉంది గాని, ఉన్న నాలుగు రోజుల్లో దాన్ని ఊదగా నేను వినలేదు.

కొత్తగా చేరిన చిన్న పిల్ల ఒకతె ఆయన దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. "సార్, నేను స్టేట్ ఆడతనా?"

"నాకేం తెలుసు బిడ్డా" అన్నారాయన. "ఈ యేడు కూతకు పోయి తిరిగొచ్చుడు నేర్పుత. పడితే భయం లేకుంట లేసుడు నేర్పుత. నా మాట గంతవరకే. చాలా నీకు?"

పిల్ల కాసేపు ఆలోచించి "చాలు సార్" అని గంతులేసుకుంటూ పోయింది. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. పసిపిల్ల ఆశ మీద నీళ్లు చల్లడమేమిటి? మా వైపు అకాడమీల గోడల మీద ఎంత పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తారు, మీ బిడ్డను ఛాంపియన్ని చేస్తామని! ఆ మాటే సుజాతతో గొణిగాను. "కొంచెం ఆగు" అంది.

చీకటి పడకముందే ఆట ఆపి ఆయన పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరినీ అడుగుతున్నారు, "ఇయ్యాల మంచిగనిపించిందా?" అని. ఒక పొడుగుపిల్ల తల వంచుకుని "లేదు సార్. ఇయ్యాల మీరు నాతోని ఒక్క మాట గూడ మాట్లాడలే" అంది. మా కాలేజీలో ఆ మాటంటే గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవారు. ఈయన మాత్రం, "అవును, తప్పయింది. మల్లొచ్చే ఆటల ముందుగాల నీతోనే మాట్లాడుత" అన్నారు. నేను సుజాత వైపు చూశాను. అది కళ్లెగరేసింది.

పచ్చిపులుసు, ఒక ఆనవాయితీ

రాత్రి భోజనంలో పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టకుండా చింతపండు నీళ్లలో ఉల్లిపాయలూ మిరపకాయలూ పిసికి చేస్తారు. మా ఇంట్లో పులుసంటే మరగాల్సిందే. దీన్ని గిన్నెతో తాగేశాను. తాగుతుండగా సుజాత అసలు సంగతి చెప్పింది.

జట్టులోకి వచ్చిన పిల్లలకి ప్రభుదాస్ సార్ గ్రౌండులోనే, అందరి మధ్యే చెబుతారట. రాని పిల్లలకి మాత్రం అలా చెప్పరు. వాళ్ల ఇంటికి వెళతారు. తల్లిదండ్రుల ముందు కూర్చుని, నువ్వు లేవు అని తన నోటితోనే చెబుతారు. చెప్పి, ఆ ఇంట్లో అన్నం తినిగాని లేవరు. ఎన్నేళ్లుగానో ఇదే పద్ధతి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు.

"అందుకే పోటీల ముందు ఆయన బండి కనపడితే చాలు, అందరూ పరేషాన్" అంది సుజాత. "మొన్న కల్హేర్ సంతలో ఉల్లిగడ్డలు కొంటుంటే ఒకామె ఏడుపు ముఖంతో వచ్చి, 'సార్, మా ఇంటికేనా' అని అడిగిందట. పాపం, ఉల్లిగడ్డలు అక్కడే వదిలేసి వచ్చాడు."

జట్టుకు పన్నెండు మంది కావాలి. పదకొండు మంది ఖాయమయ్యారు. పన్నెండో చోటుకి ఇద్దరు మిగిలారు. కల్హేర్ వైపు పల్లె నుంచి వచ్చే మహేశ్వరి, నాగల్‌గిద్ద వైపు పల్లె నుంచి వచ్చే భాగ్య. ఇద్దరూ తొమ్మిదో తరగతే. భాగ్య అమ్మానాన్నలు బుధవారం చెరుకు కొట్టడానికి వెళ్లిపోతున్నారు. భాగ్య జట్టులో ఉంటే హాస్టల్లో ఉంచుతారు. లేకపోతే చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి వెంట తీసుకెళతారు. వెళితే చదువు ఎండాకాలం దాకా ఆగిపోయినట్టే.

"ఇంకేం ఆలోచన? భాగ్యనే తీసుకోమను!" అన్నాను.

"నువ్వే అడుగు. రేపు ప్రాక్టీసు లేదు, నిన్ను కర్ణాటక సరిహద్దు చూపించడానికి తీసుకెళతానన్నాడు" అంది.

నాగల్‌గిద్ద దారిలో పంక్చరు

శనివారం సార్ బండి వెనక ఒక పక్కకు తిరిగి కూర్చుని బయలుదేరాను. నాగల్‌గిద్ద దాటాక టీ కొట్టులో సగం మంది కన్నడం, సగం మంది తెలుగు. పది రూపాయలకు చిన్న గ్లాసుడు టీ, నాలుక చుర్రుమనేంత వేడి. కొట్టతను నాతో తెలుగులో, పక్కవాడితో కన్నడంలో, గేదెతో రెండు భాషల్లోనూ మాట్లాడుతున్నాడు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

తిరుగు దారిలో ఒక పల్లె ముందు వెనక చక్రం గాలి పోయింది. ప్రభుదాస్ సార్ ముఖం చూడాలి! పంక్చరుకి అంత దిగులు పడే మనిషిని నేనెక్కడా చూడలేదు. బండిని కల్వర్టు పక్కకు తోసి, చెట్టు చాటున నిలబడ్డారు.

"మేడం, ఇది భాగ్య వాళ్ల ఊరు. ఇయ్యాల నేను లోపటికి రావద్దు. మీరు పోయి పంక్చర్ చేసెటాయనను పంపుండ్రి. దండం పెడ్త, నా పేరు మాత్రం తియ్యకుండ్రి."

సరేనని బయలుదేరాను. ఎండ మాడ్చేస్తోంది. గొంతు ఎండిపోయి, కనపడ్డ మొదటి ఇంటి ముందు ఆగి నీళ్లడిగాను. ఆ ఇల్లాలు చెంబుతో నీళ్లు తెచ్చింది. ఏ ఊరని అడిగింది, చెప్పాను. ఇటెందుకు వచ్చారంది, బండి పంక్చరైందన్నాను.

"ఎవరి బండి?"

"ప్రభుదాస్ సార్‌ది" అన్నాను. నోరు జారిందని కూడా నాకు వెంటనే తెలియలేదు.

ఆమె అలాగే ఆగిపోయింది. గోలెం దగ్గర గిన్నెలు తోముతున్న పిల్ల లేచి నిలబడింది, చేతులనిండా బూడిద. అప్పుడు చూశాను, దండెం మీద ఆరేసిన నంబరు బనీను.

"అయ్యయ్యో, అది కాదమ్మా, నిజంగా పంక్చరే" అన్నాను. ఆ ఇల్లాలు నన్ను జాలిగా చూసింది. "మంచిది. సార్ను రమ్మనుండ్రి. తిననీకే వచ్చిండు గద" అని లోపలికెళ్లి జొన్నపిండి తీసింది. భాగ్య మాత్రం కదల్లేదు. ఏడవనూ లేదు. ఆ నిలబడ్డ తీరు చూస్తే నాకు మా కాలేజీ గేటు గుర్తొచ్చింది. పరుగున కల్వర్టు దగ్గరకు పోయి జరిగింది చెప్పాను.

ఆయన నన్నొక్క మాట అనలేదు. బండి అక్కడే వదిలి నేరుగా ఇంటికొచ్చారు.

"బిడ్డా, ఇది ఉత్త పంక్చర్. నేనింక ఎవర్నీ అనుకోలే. రేపు ఆట చూసినంకనే."

"నిజంగనా సార్?"

"నీకెప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?"

భాగ్య కాస్త ఆలోచించింది. "చెప్పలే" అంది. మళ్లీ గిన్నెల దగ్గర కూర్చుంది.

ఈలోగా భాగ్య నాన్న చేను నుంచి వచ్చాడు. భుజం మీద చిన్న పిల్లవాడు. "బుధవారం లారీ వస్తది సార్" అన్నాడు. కోపం లేదు, ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు. "ఆటల ఉంటే ఉండనీ. లేకుంటే మాతోని వస్తది. వీన్ని చూసుకోనీకి మనిషి గావాలె."

ఇక రొట్టెల సంగతి. భాగ్య అమ్మ అప్పటికే రెండు కాల్చేసింది. సార్ చేతులు జోడించారు. "ఇయ్యాల తినరాదమ్మా. తింటే ఈ పిల్ల ఏమనుకుంటది?" అని నీళ్లు మాత్రం తాగారు. గుమ్మంలోకి వచ్చిన మనిషి చేసిన రొట్టె ముట్టకుండా పోతే ఆ తల్లికి ఎట్లా ఉంటుంది? ఆమె పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. ఆ పళ్లెం నేనందుకున్నాను. పల్లీల తొక్కుతో రెండూ తిన్నాను. నేను తింటే ఎవరికీ ఏ కీడూ లేదు కదా. ఆ తొక్కు రుచి ఇంకా నోట్లోనే ఉంది.

పంక్చరు వేయించుకుని వస్తుంటే అడగాల్సింది అడిగేశాను. "ఆ పిల్లని తీసుకుంటే మీ సొమ్మేం పోయింది సార్?"

ఆయన బండి నెమ్మది చేసి అన్నారు, "మరి మహేశ్వరికి ఏం చెప్పాలె మేడం? నీ అమ్మనాయిన ఇంట్లనే ఉన్నరు, గందుకే నువ్వొద్దని చెప్పాల్నా?"

ఆ ప్రశ్న సబబే. అయినా ఊరిదాకా ముభావంగానే కూర్చున్నాను.

ఆదివారం, చర్చి తర్వాత

ప్రభుదాస్ సార్‌వాళ్ల కుటుంబం తాతల నాటి నుంచి చర్చికి వెళుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాకే గ్రౌండు. తెల్లచొక్కా మార్చుకుని వచ్చీరాగానే ఆ పొడుగుపిల్ల దగ్గరకు వెళ్లి, అందరికంటే ముందు ఆమెతో మాట్లాడారు. నాకు ఆ పిల్ల మాట గుర్తే లేదు, ఆయనకుంది.

ఆట మొదలైంది. భాగ్య కూతకు వెళితే చూపు తిప్పుకోలేం, అంత చురుకు. రెండుసార్లు ఇద్దరేసి పిల్లల్ని తాకి వచ్చింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. కాని దొరికిన ప్రతిసారీ ఒక్క క్షణం సార్ వైపు చూస్తోంది. మహేశ్వరి అంత చురుకు కాదు. దొరికినా గీత మీద నుంచి కన్ను తీయదు, నేలమీద పాకి అయినా వేలు అందిస్తుంది.

సాయంత్రం పిల్లలంతా ఆటోలెక్కి వెళ్లిపోయారు. కాసేపటికి సార్ బండి తీశారు. "నేనూ వస్తాను" అన్నాను. "రాండ్రి. కానీ మాట్లాడకుండ్రి" అన్నారు. గేటు దాటాక ఎడమకు మళ్లితే కల్హేర్, కుడికి మళ్లితే నాగల్‌గిద్ద. ఎడమకు, ఎడమకు అని మనసులో మొక్కుకున్నాను. మహేశ్వరికి అన్యాయం కోరుకుంటున్నానని తెలిసే మొక్కుకున్నాను.

బండి కుడికి మళ్లింది.

రెండోసారి అదే గుమ్మం

ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. భాగ్య కాళ్లకు నీళ్లిచ్చింది, చాప పరిచింది. సార్ కూర్చున్నారు. ముందు మాట, తర్వాతే ముద్ద, అదీ ఆయన పద్ధతి.

"బిడ్డా, ఈసారి నువ్వు లేవు."

భాగ్య లోపలికి వెళ్లిపోయింది. తలుపు చాటున వెక్కిళ్లు వినపడుతున్నాయి. భాగ్య అమ్మ పళ్లెం తెచ్చి పెడితే ఆయన తల వంచుకుని రొట్టె తుంచుకున్నారు. ఆ ఏడుపు వింటూ తినడం ఎంత కష్టమో పక్కన కూర్చున్న నాకు తెలుసు. లేచి బయటకు పోదామా అనిపించింది. ఆయన లేవలేదు. నమిలి మింగుతూ అలాగే కూర్చున్నారు.

కాసేపటికి భాగ్య ముఖం కడుక్కుని వచ్చింది. ఆయన పళ్లెంలో రెండో రొట్టె వేసింది. "ఎందుకు సార్?" అంది.

"దొరికినప్పుడు నువ్వు గీత దిక్కు చూడాలె. నా దిక్కు చూస్తున్నవ్, తిడ్తనేమో అని. గా చూసే లోపట చెయ్యి గీతకు అందుతది బిడ్డా. నీ ఒక్కదాని తప్పు గాదు. గా భయం తీసుడు నేనింక నేర్పలే. నేర్పుత."

"మహేశ్వరి చూడదా?"

"చూడది."

భాగ్య గుర్తు తెచ్చుకుంది. "అవును సార్. అది చూడది" అంది. ఆ గొంతులో బాధ ఉంది, ఫిర్యాదు లేదు. మా కాలేజీలో నాకు ఈ నాలుగు మాటలు ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇంకా ఆడేదాన్నేమో.

భాగ్య నాన్న గోడకానుకుని కూర్చున్నాడు. "ఐతే బుధవారం సంచీ సదురుకో బిడ్డా" అన్నాడు.

"ఆగు" అంది భాగ్య అమ్మ. పొయ్యి దగ్గర నుంచే మాట్లాడింది. "ఇడిసిపెట్టేటోడైతే సార్ గింత దూరమొచ్చి, గా పిల్ల ఏడుస్తుంటే కూసోని తింటడా? పనికిరానిదైతే ఏం తప్పు చేసిందో ఎవరన్న చెప్తరా? నేర్పుత అంటుండు. నేర్సుకోనీ. చిన్నోన్ని కంగ్టిల మా అమ్మ తాన ఇడుస్త."

ఇంట్లో అందరం భాగ్య నాన్న నోటి వంక చూస్తున్నాం. సార్ మాట్లాడొద్దన్నారు కాబట్టి నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. అతను నిద్రపోతున్న కొడుకును చూశాడు. పళ్లెంలో సగం మిగిలిన రొట్టెను చూశాడు.

"లారీ తెచ్చే మేస్త్రికి మనం ఇద్దరమే అని చెప్త" అన్నాడు. తర్వాత భార్య వంక తిరిగి, "చూస్తున్నవేంది, సార్‌కు చల్ల పొయ్యి" అని కసిరాడు.

ప్రభుదాస్ సార్ ఆ మజ్జిగ ఎత్తిన గ్లాసు దించకుండా తాగారు. తిరిగి వచ్చే దారిలో నా కోపం ఎక్కడ జారిపోయిందో తెలియదు.

బస్టాండులో

సోమవారం పొద్దున హైదరాబాదు బస్సెక్కి కూర్చున్నాను. పక్కనే జట్టుపిల్లల వ్యాను ఆగి ఉంది. సంచులు అందిస్తున్న పిల్లల్లో భాగ్య కూడా ఉంది. వెళ్లే పిల్లలకి టాటా చెప్పడానికి తెల్లవారకముందే ఆటో పట్టుకుని వచ్చిందట. మహేశ్వరికి బూట్ల సంచీ ఇచ్చి, చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నన్ను చూసి కిటికీ దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. ఏమనాలో తెలియక, ఇంకోసారి వస్తాను అన్నాను.

"రాండ్రి మేడం" అంది. బస్సు కదిలింది. కూడా నడుస్తూ గట్టిగా అరిచింది. "ఈసారి మా ఊర్ల దూపయితే సార్ పేరు చెప్పకుండ్రి! నా పేరు చెప్పుండ్రి, ఎవరింట్లనైనా నీళ్లిస్తరు!"